ఫోనుకు పెట్టిన బొట్టు

నేను చెబుతుంటే మా పక్కింటి టీచరమ్మ రాస్తోంది. ఫోనుకు చెబితే అదే రాసిపెడుతుంది కదా అని ఆవిడే అంది. దానికి చెప్పనన్నాను. ఒకసారి చెప్పాను, చాలు.

మా ఆయన నూజివీడులో షావుకారుగారి మామిడి కొట్లో పెట్టెలు కట్టేవాడు. ఆయన పోయాక ఆ పని నాకొచ్చింది. చిన్న రసాలు గడ్డిలో పేర్చి, పెట్టెలు కట్టి, హైదరాబాదు బస్సుకు పంపుతాం. పెట్టె అందాక జనం ఫోనులో అడుగుతారు, ఎన్నాళ్లు ఉంచాలి, ఎప్పుడు తినాలి అని. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని కొట్టు ఫోనులో మైకు బొమ్మ నొక్కి నోటితోనే చెప్పేదాన్ని. నాది బొంగురు గొంతు, రంపం పెట్టి కోసినట్టుంటుంది. అయినా కొందరు ఆ గొంతే అడిగేవాళ్లు. అది నాకు గర్వం. ఎందుకు దాచాలి.

పోయినేడు సీజను ముందు షావుకారుగారి కోడలు ఈ ఏఐ అనేదాన్ని తెచ్చింది. ఎవరేం అడిగినా అదే చదువుకుని, అదే జవాబు రాస్తుందట. షావుకారుగారికి ఎటూ తేలలేదు.

"ఈ సీజను చూద్దాం. బాగుంటే ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం," అన్నారు.

మొదటి కోత వచ్చిన రోజు కాటాకు పసుపు రాసి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టడం కొట్టు ఆనవాయితీ. ఆ వేళకు నేను గడ్డి గదిలోకి వెళ్లిపోతాను. నన్ను వెళ్లమని ఎవరూ అనరు, నేనే వెళతాను. ముందుకు రమ్మని కూడా ఎవరూ అనరు. ఈసారి తలుపు సందులోంచి చూస్తే, కాటా పక్కన పీట వేసి ఫోను పెట్టారు. కోడలమ్మ దానికి ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. నేను కట్టిన పెట్టెల ముందు, నేను నిలబడకూడని చోట, నిన్నగాక మొన్న వచ్చిన మిషను బొట్టు పెట్టుకుని కూర్చుంది. నా ఒళ్లు మండిపోయింది.

మర్నాడు కోడలమ్మ నా దగ్గరకొచ్చి కూర్చుంది.

"పెద్దమ్మా, పండు గురించి నీకు తెలిసిందంతా చెప్పు. దీనికి నేర్పిస్తాను."

"ఇన్నేళ్ల పని ఒక పూటలో నేర్చుకుంటుందా అమ్మాయిగారూ?"

"నువ్వు చెబితే నేర్చుకుంటుంది. చెప్పకపోతే దానికదే ఏదో అల్లేస్తుంది. అందుకే నిన్నడుగుతున్నా."

చెప్పాను. మూడు రోజులు గడ్డిలోంచి కదపొద్దని, తొడిమ దగ్గర వాసన వస్తే తీయమని చెప్పాను. వానకాయ సంగతి చెప్పలేదు. వాన పడ్డాక కోసిన కాయను గడ్డిలో ఉంచితే తొడిమ దగ్గర నల్లబడి కుళ్లుతుంది. పెట్టె అందగానే తీసి, తుడిచి, గాలికి పరవాలి.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగింది.

"అంతే," అన్నాను.

మర్చిపోయి కాదు. అదొక్కటీ నా దగ్గర ఉంచుకున్నాను.

నెల తిరగకుండానే చాట్రాయి వైపు రెండు రోజులు వాన కొట్టింది. అక్కడి తోటల కాయే మా కొట్టుకు వచ్చింది. పెట్టెలు కట్టింది నేనే. వాన పడిందటగా, కాయను ఏం చేయాలని జనం అడిగితే, మిషను ఎంతో మర్యాదగా రాసింది: వాన పడినా భయం లేదండీ, మూడు రోజులు గడ్డిలోనే ఉంచండి.

నాలుగో రోజు నుంచి ఫోను నిండా నల్లబడ్డ పళ్ల ఫోటోలు.

షావుకారుగారు కోడల్ని పిలిచారు. నేను గడ్డి గది గుమ్మంలో ఉన్నాను.

"తీసెయ్యమ్మా దీన్ని. మన కొట్టుకు సరిపడేది కాదు."

"పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టే పెట్టాను మామయ్యగారూ. వాన సంగతి నేనే సరిగ్గా అడగలేదేమో," అంది ఆ పిల్ల.

నేను గెలిచాను. నోరు మూసుకుంటే చాలు, మైకు బొమ్మ మళ్లీ నాది. అంతలో కోడలమ్మ ఫోను నొక్కితే ఒకావిడ పంపిన మాట వినపడింది. ఏటా ఒకే ఒక్క పెట్టె తెప్పించుకునే పెద్దావిడ, నాలాగే భర్త పోయిన మనిషి. "ఈసారి మీ గొంతు వినపడలేదేంటండీ? మా ఆయన తద్దినానికి విస్తట్లో పండు వేయలేకపోయాను. ఆయనకు మీ రసాలంటే ప్రాణం."

కోపంగా అంటే ఓర్చుకుందును. మెల్లగా అంది.

"వాన సంగతి నాకు తెలుసండీ. కావాలనే చెప్పలేదు," అన్నాను షావుకారుగారితో.

షావుకారుగారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు.

"ఏంటమ్మా, అదేమన్నా నీకు సవతా?"

"దానికి బొట్టు పెట్టారు కదండీ."

కోడలమ్మ తల దించుకుంది.

షావుకారుగారే తేల్చారు. బస్సు వేళలు, ధరలు మిషను చెబుతుంది. పండు సంగతి ఏది రాసినా నాకు చదివి వినిపించి, నేను సరేనన్నాకే పంపాలి. అలా అయితేనే మిషను కొట్లో ఉంటుంది. నాకిది గెలుపో ఓటమో తెలియలేదు. వాన సంగతి ఆ పూటే దానికి చెప్పేశాను.

"ఆ పెద్దావిడకు క్షమాపణ కూడా ఇదే రాస్తుంది పెద్దమ్మా, విను," అని కోడలమ్మ చదివింది. ఎంత బాగా రాసిందో. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే కడుపులో మంట. జన్మెత్తి నేనొక్కమాట అంత బాగా అనలేదు.

వద్దన్నాను. మైకు బొమ్మ నొక్కాను.

"అమ్మా, నేనేనండీ, పెట్టెలు కట్టేదాన్ని. తప్పు మిషనుది కాదండీ. నేను దాని మీద కుళ్లుకుని మీ పండు కుళ్లబెట్టాను."

ఇంకేదో చెప్పబోయాను. ఈలోగా బొమ్మ మీంచి వేలు జారింది, అంతవరకే వెళ్లిపోయింది.