సత్తెమ్మ వదిన అడిగింది ఒక్క పూటే

నిన్న పొద్దున ఇంకా చాయ్ కూడా తాగలేదు. పక్క గల్లీ లక్ష్మి ఫోన్ చేసి, "అత్తమ్మా, సత్తెమ్మ ఇంట్ల మనిషి పోయింది, జల్ది రా" అంది.

నేను సత్తెమ్మ అత్త, ఆ ముసలమ్మే పోయిందనుకున్నాను. తొంభైకి దగ్గర పడిన మనిషి, ఏళ్ల తరబడి మంచంలోనే ఉంది. అక్కడికి వచ్చిన వాళ్లందరూ అట్లాగే అనుకొని వచ్చారు.

పోయింది కోడలు.

మా సత్తెమ్మ వదిన.

చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. లోపల మంచం మీద అత్త రాములమ్మ కళ్లు తెరిచి పైకప్పు చూస్తోంది.

అత్తను గోడ వైపు తిప్పి పక్కగుడ్డ మారుస్తూ అక్కడే కూలబడిందట. గుండె ఆగిపోయిందట.

నేను నాలుగో క్లాసు దాకానే చదివాను. తప్పులుంటే ఏమనుకోకండి. మన గ్రూపులో ఈ పోస్ట్ పెట్టకపోతే నా మనసు నిలవదు. మామూలుగానే నిలవదు, అది మీకు తెలుసు.

నాచారంలో ఒకే కంపెనీలో మేమిద్దరం ప్యాకింగ్ పని చేశాం, అప్పటి నుంచే వదినా వదినా అని పిలుచుకుంటాం. ఆమెకూ అరవై దాటాయి. భర్త ఎప్పుడో పోయాడు. కూతురు చెంగిచెర్లలో ఉంటుంది, ఆమెకు డ్యూటీ, చిన్న పిల్లలు. మరిది బోడుప్పల్లో ఉంటాడు. పండక్కి వచ్చి తల్లి కాళ్లు మొక్కి పోతాడు.

మిగిలినదంతా సత్తెమ్మే. ఎత్తడం, కడగడం, తినిపించడం, వీపుకు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం.

ముసలమ్మకు పింఛన్ వస్తుంది. మంచిదే, కాదనను.

ఎత్తే మనిషి సంగతే ఎవరూ అడగరు.

ఒకసారి మా దగ్గర ఆఫీసర్లు మీటింగ్ పెట్టారు, వృద్ధులకు ఏమేం ఉన్నాయో చెప్పడానికి. నాకు మైక్ చూస్తేనే దడ. వెనక కూర్చున్నాను. సత్తెమ్మ లేచింది.

"సారూ, ముసలోళ్ల ముచ్చట జెప్పిన్రు, మంచిగుంది. ముసలోళ్లను ఎత్తే ముసలోళ్లకు ఏమన్న ఉందా?"

అందరూ నవ్వారు. మైక్ పట్టుకున్న సారు కూడా నవ్వి, "అత్తను సూసుకునుడు కోడలి ధర్మమే గదమ్మా" అన్నాడు.

"ధర్మం జేస్తనే ఉన్న సారూ. పైసలు గిట్ల అడుగుతలేను. వారంల ఒక్క పూట ఓ మనిషిని పంపుండ్రి. అత్త కాడ కూసుంటే నేను దవాఖానకు పోయొస్త."

రాసుకుంటామన్నారు. వచ్చేశాం.

అప్పటికే ఆమెకు ఛాతీలో నొప్పి. చూపించుకోమని నేను రోజూ పోరేదాన్ని. నేను అత్త దగ్గర కూర్చోగలను గానీ నా మోకాళ్ల నొప్పులతో ఎత్తలేను. ముసలమ్మ జారి కింద పడితే ఎట్లా అని ఆమెకు భయం. నాకు ఇంకా భయం.

చివరికి ఏం చేసిందో తెలుసా? అత్తను కూడా ఆటోలో వేసుకొని ఉప్పల్ వైపు ఒక దవాఖానకు బయలుదేరింది. నేనూ పోయాను. గుంత వచ్చినప్పుడల్లా ముసలమ్మ ఎముక విరుగుతుందేమోనని నా ప్రాణం పోయింది.

అక్కడ నర్సమ్మ తిన్నగా ముసలమ్మ దగ్గరికే వచ్చి బీపీ మిషన్ కట్టేసింది.

"బీపీ మంచిగనే ఉంది. అవ్వకు ఏమైంది?"

"అవ్వకేం గాలే బిడ్డా. పేషెంటును నేను" అంది సత్తెమ్మ.

"మరి మీ అటెండెంట్ ఎవరు?"

సత్తెమ్మ అత్త వైపు చెయ్యి చూపించింది. "గామెనే."

నర్సమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మేమూ నవ్వాం. ఏమీ వినపడకపోయినా ముసలమ్మ కూడా నవ్వింది.

డాక్టర్ చూశాక నవ్వు పోయింది. ఇవాళే అడ్మిట్ కావాలన్నాడు. అత్తను పక్కన ఉంచుకోవచ్చా అని ఈమె అడిగింది. పేషెంట్ కాని మనిషికి బెడ్ ఇవ్వరట. వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

మరిదికి ఫోన్ చేసింది. "వదినా, మాది మూడో ఫ్లోర్, లిఫ్ట్ లేదు, అమ్మను ఎట్ల ఎక్కియ్యాలె?" అన్నాడు.

"మంచిది తియ్ నాయినా" అని పెట్టేసింది.

మళ్లీ ఆటో ఎక్కాం. దారిలో నేను ఏడుస్తుంటే నన్నే కసిరింది. "నువ్వెందుకే పరేషాన్ అయితవ్ వదినా? ఎవలన్న మనిషి దొరకనీ, పోయి పండుకుంట."

ఎవరూ దొరకలేదు.

నిన్న మధ్యాహ్నం దహనం అయిపోయింది. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, వచ్చిన వాళ్లకు పక్కింటి వాళ్లు అన్నం, పప్పు పంపారు. అందరూ తిన్నారు. సాయంత్రం నాకు ఒక్కసారిగా దడ పుట్టింది.

ముసలమ్మకు పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ పెట్టలేదు.

అన్నం నమలలేదు, గంజే తాగుతుంది. ఆ గంజి కాచే మనిషిని కాల్చి వచ్చాం.

మా ఇంట్లో కాచి తీసుకుపోయాను. చెంచా దగ్గర పెడితే మూతి బిగించింది.

"సత్తి ఏదే?" అంది.

చెవులు వినపడవు కాబట్టి వాకిట్లో ఏడుపులు ఆమెకు తెలియలేదు. కూతురు, మరిది గుమ్మంలోనే నిలబడిపోయారు. నేనే చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

"దవాఖానకు పోయింది పెద్దమ్మా."

ముసలమ్మ ముఖం తేటపడింది.

"పోనీ తియ్. శాన దినాల సంది నొప్పి నొప్పి అంటుండె. మంచిగ సూపెట్టుకొని రానీ. దాన్ని తొందర పెట్టకుండ్రి."

అని నోరు తెరిచింది. గంజి మొత్తం తాగింది.

మరిది బయటికి పోయి గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

రేపు మూడో రోజు, వదిన పేరున పిట్టకు ముద్ద పెట్టాలి. ఆ తర్వాత ముసలమ్మ ఎక్కడ ఉంటుందో ఇంకా ఎవరూ తేల్చలేదు. అంతవరకు పొద్దున పూట నేనుంటాను. కానీ ఒక్కదాన్నే ఎత్తలేను. గ్రూపులో ఎవరైనా వచ్చి ఒక చెయ్యి వేయండమ్మా, ప్లీజ్.

సత్తెమ్మ వదినా, ఇక నడుం వాల్చు. నిన్ను ఎవరూ లేపరు. నీ ఆత్మ చల్లగా ఉండాలి తల్లీ.