మంచిగున్న

పొద్దున పార్కులో యోగా మాస్టారు అందరిచేతా "నేను ఆరోగ్యంగా ఉన్నాను" అని గట్టిగా అనిపించాడు. నేను మాత్రం నోరు విప్పలేదు.

నిజాం పాలన పోయిన కొత్తలో, శాలిబండలోని మా ఇంట్లో అమ్మ మంచం పట్టింది. "నొప్పి నొప్పి అంటే ఇంకింత పెరుగుతది. మంచిగున్న అను, అదే తగ్గుతది," అనేవాడు బాపు. అమ్మ మొహం చిట్లించుకుని ఆ మాట అనేది. ఆ మాటే మందనీ, చేదుగా ఉంటుందనీ నేను అనుకునేదాన్ని.

ఒకరోజు డాక్టర్‌సాబ్ వచ్చాడు.

"ఎట్లుందమ్మా? ఏడనన్న నొస్తుందా?"

అమ్మ బాపు వైపు చూసింది.

"మంచిగున్న."

డాక్టర్‌సాబ్ పెట్టె మూసి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ చలికాలం దాటకుండానే అమ్మ పోయింది.

ఇప్పుడు నన్నెవరైనా ఎట్లున్నావని అడిగితే, ముందు ఎక్కడ నొప్పో చెబుతాను.