బోరింగు నీళ్లలో బుడగ

డిగ్రీ మూడో ఏడు చదువుతున్న రోజులవి. తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండేదాన్ని. మైక్రోబయాలజీ ప్రాజెక్టు కింద మా మేడమ్ నాకు నీళ్ల పరీక్ష ఇచ్చారు. ఎక్కడి నీళ్లయినా తెచ్చి వాటిలో కోలిఫాం బాక్టీరియా ఉందో లేదో తేల్చాలి. హాస్టల్ కుళాయి పక్కనే ఉన్నా, నేను ఆలోచించకుండా కొల్లేటిలో మా పిన్ని వాళ్ల ఊరి పేరు చెప్పేశాను.

కారణం ఉంది. ఆ వానాకాలం ఆ ఊళ్లో ఇంటికొకరు విరేచనాలతో మంచమెక్కారు. అందరూ కుళాయి నీళ్లనే తిట్టుకున్నారు. చెరువు నుంచి వచ్చే ఆ నీళ్లు కాస్త పచ్చగా, మట్టివాసనతో ఉండేవి. బోరింగును మాత్రం ఎవరూ అనుమానించలేదు. ఎక్కడ దింపినా ఉప్పునీరే పడే ఊళ్లో తియ్యటి నీళ్లు పడ్డ బోరింగు అదొక్కటే. అక్కడ వేయమని చోటు చూపించింది మా పిన్ని మావగారు. ఆయన జీవితమంతా కొల్లేటిలో వల వేసినవారు. ఆ బోరింగంటే ఆయనకు కన్నబిడ్డతో సమానం.

ఆదివారం పొద్దున్నే బోరింగు దగ్గరికి వెళ్లి, స్పిరిట్‌లో ముంచిన దూదిని వెలిగించి దాని మూతికి పట్టాను. ఆయన అరుగు మీంచి పరుగెత్తుకొచ్చారు.

"ఏవమ్మాయ్, బోరింగుకి నిప్పెడతావేంటి!"

"పైన అంటుకున్న సూక్ష్మజీవులు చావాలి తాతయ్యా. లోపలి నీళ్ల సంగతి తేలాలి కదండీ."

"లోపలి నీళ్ల సంగతి నన్నడుగు. కొబ్బరినీళ్లే!"

నవ్వుకుంటూ శుభ్రం చేసి తెచ్చిన సీసాలు నింపుకున్నాను. ఒకదాంట్లో బోరింగు నీళ్లు, ఒకదాంట్లో కుళాయి నీళ్లు, మూడోదాంట్లో పిన్ని మరగబెట్టి చల్లార్చిన నీళ్లు. ఆరు గంటల్లోగా ల్యాబుకి చేర్చాలన్నారు మేడమ్, అదీ చల్లగా. చేపల ఊళ్లో ఐసుకేం కొదవ! బాబాయి ఒక చేపల థర్మాకోల్ పెట్టె ఇచ్చి, సీసాలకు కవర్లు చుట్టి ఐసు నింపాడు. ఆటోలో ఏలూరు, అక్కణ్ణుంచి పాసింజరు. పెట్టె వాసనకి ఎదుటి సీటాయన ముందుకు వంగారు.

"కొర్రమీనా అమ్మా?"

"కాదండీ, నీళ్లు."

"నీళ్లకి ఐసు పెట్టి తీసుకెళ్తున్నావా!" అని దెందులూరు దాటేదాకా నన్నే చూస్తూ కూర్చున్నారు.

ల్యాబులో ఒక్కో నీటికి ఐదేసి గాజుగొట్టాలు. గొట్టం నిండా ఊదారంగు ద్రావణం, అందులో బోర్లించిన ఒక బుల్లి గొట్టం. కోలిఫాం ఉంటే ద్రావణం పసుపు రంగుకి మారుతుంది, లోపలి బుల్లి గొట్టంలో గాలిబుడగ చేరుతుంది. "ఇవి మనుషుల పేగుల్లో, పశువుల పేగుల్లో ఉండే బాక్టీరియా. చాలావరకు మనల్నేమీ చెయ్యవు," అన్నారు మేడమ్. "కానీ ఇవి వచ్చిన దారినే కలరా, టైఫాయిడ్ కూడా రాగలవు. అందుకే వీటి కోసం చూస్తాం."

మర్నాడు గొట్టాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు తలుపు తీశాను. మరగబెట్టిన నీళ్ల గొట్టాలు ఐదూ ఊదాగానే ఉన్నాయి. కుళాయి నీళ్లలో ఒక్కటి పసుపయింది. బోరింగువి ఐదుకి ఐదూ పసుపు, ఐదింట్లోనూ బుడగలు! నా అరుపుకి పక్క ల్యాబులోంచి కెమిస్ట్రీ వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆ గొట్టాల్లోంచి తీసి బాక్టీరియా పెంచే ప్లేటు మీద గీస్తే, రెండో రోజుకి మొలిచిన చుక్కలు లోహపు ఆకుపచ్చ మెరుపుతో మెరిశాయి, అచ్చం అగ్గిపెట్టెలో పెట్టుకునే బంగారుపురుగు రెక్కల్లా. ఈ.కోలై. అంటే ఎక్కడో మలం నీళ్లలో కలుస్తోంది. అంత అందంగా ఉన్నది అంత చెడ్డ కబురని నాకు ఆ క్షణంలో తట్టనే లేదు.

శనివారం వెళ్లి చెప్పాను. తాతయ్య మొహం గంటుపెట్టుకున్నారు.

"కంటికి కనబడని దానికి నా బోరింగు మీద నింద వేస్తావా?"

"కనబడుతుందండీ. వచ్చి చూడండి."

సోమవారం నిజంగానే వచ్చారు. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు, ల్యాబు గుమ్మంలో చెప్పులు విడిచి. గొట్టాలను ఒక్కొక్కటే వెలుగుకి పెట్టి చూశారు.

"నువ్వు సీసా సరిగ్గా కడగలేదేమో?"

మేడమ్ మరగబెట్టిన నీళ్ల గొట్టాలు చూపించారు. "ఇవీ అలాంటి సీసాలో వచ్చినవేనండీ. ఊదాగానే ఉన్నాయి చూడండి." ఆయన చేతిలో గొట్టాన్ని జాగ్రత్తగా కింద పెట్టి, గుమ్మంలో చెప్పులు తొడుక్కున్నారు. నేనూ ఆయనతో ఊరికి బయల్దేరాను. రైలు భీమడోలు దాటాక ఆయనే అన్నారు, "అయితే ఎటునుంచో దారుందన్నమాట. అదెక్కడుందో చూడాలి."

మర్నాడు ఆయన చేసిన పని ఏ పాఠంలోనూ నేను చదవలేదు. బోరింగు చుట్టూ ఉన్న సిమెంటు దిమ్మ పగుళ్లిచ్చింది. వెనకాల మురుగు గుంట, దాని పక్కనే గేదెల కొట్టం, మరుగుదొడ్డి. ఆయన బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు పొట్లాలు ఒక బకెట్లో కలిపి ఆ గుంటలో పోసేశారు. బోరింగు మూతి కింద తెల్లటి పింగాణీ గిన్నె పెట్టించి, "కొట్టండమ్మా!" అన్నారు.

ఆడవాళ్లు వంతులేసుకుని కొట్టారు. తెల్లటి నీళ్లే వచ్చాయి. ఎవరో నవ్వారు. చేతులు నొప్పెట్టాయని పిన్ని వదిలేసింది. నేనందుకున్నాను. కొడుతూనే ఉన్నాను. అంతలో ఆయన గిన్నె మీదికి వంగి చెయ్యెత్తారు.

"ఆగు. ఇది చూడు."

గిన్నెలో నీళ్లు లేత నీలం! ఊరంతా ఒక్కసారి గోలెత్తింది. పిల్లలు గంతులేశారు. నేను ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను. ఐదు గొట్టాలు, ఒక మెరిసే ప్లేటు, నాలుగు రోజుల చదువు చెప్పలేకపోయినదాన్ని నీలిమందు అందరి కళ్లముందూ పెట్టింది. ఆయన మాత్రం నవ్వలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఇక ఎవరూ ఇక్కడ పట్టకండమ్మా," అన్నారు.

పది రోజుల్లో దిమ్మ పగలగొట్టి కొత్త సిమెంటు వేశారు. గుంట పూడ్చి మురుగును దూరంగా కాలవలోకి తిప్పారు. బ్లీచింగు వేసి, ఆ వాసన పోయేదాకా నీళ్లు తోడేశారు. మళ్లీ చేపల పెట్టె, మళ్లీ పాసింజరు. ఈసారి నాలుగు గొట్టాలు ఊదాగా నిలిచాయి, ఒకదాంట్లో చిన్న బుడగ. మరోసారి బ్లీచింగు వేయించాను. ఆ తర్వాత తెచ్చిన నీళ్లకి ఐదూ ఊదాగానే ఉన్నాయి. ఎస్.టి.డి. బూత్‌లోంచి ఫోన్ చేస్తే తాతయ్యే ఎత్తారు.

"ఇప్పుడు తాగొచ్చా?"

"తాగొచ్చు తాతయ్యా. కానీ ప్రతి వానాకాలం ఒకసారి చూస్తూ ఉండాలండీ."

"చూద్దాం లే," అన్నారాయన. "ముందు పక్క ఊళ్లో ఒక బోరింగుంది, ఆదివారం ఖాళీయేనా?"