పదిహేనో మనిషి

అర్డిస్ మైంట్స్ వెనకేసుకొచ్చిన అభ్యర్థి గెలిచిన పాపాన పోలేదు. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి బడిలో ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు వండిపెడుతున్న మనిషి. అధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే చలికాలపు సభ వచ్చినప్పుడల్లా, ఎవరూ ఆశ పెట్టుకోనివాణ్ణే వెతికి పట్టుకునేది. ఆమె ఏ మూల నిలబడిందో చూసుకుని జనం ఇంకో మూలకు పోయేవాళ్లు. దానికి ఆమె ఏమీ అనుకునేది కాదు. ఒక్కసారైనా ఆ పైమెట్టు సభకు, అంటే జిల్లాలాంటి కౌంటీ సభకు, ప్రతినిధిగా వెళ్లాలన్నదే ఆమె తీరని కోరిక.

ఆ ఏడు ఆమె ఎంచుకున్న అభ్యర్థి లోవెల్ ప్రాట్. బడి జిమ్‌లో వందమంది చేరి, ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల చొప్పున నిలబడ్డారు. పదిహేనుమంది లేని మూల లెక్కలోకి రాదు, అక్కడివాళ్లు అరగంటలో తక్కువైనవాళ్లను తెచ్చుకోవాలి, లేదంటే వేరే మూలకు సర్దుకోవాలి. అర్డిస్ మూలలో తలలు పద్నాలుగే.

అలా లెక్క చాలక చెదిరిపోయిన ఇంకో గుంపులో, ట్రాక్టర్లు బాగుచేసే హార్లన్ ఫ్రేరిక్స్ ఒక్కడే ఎటూ పోకుండా కూర్చున్నాడు. అర్డిస్ ఆయన చేతిలో తను చేసి తెచ్చిన తియ్యటి దాల్చినచెక్క రోల్ పెట్టి, ప్రాట్ రైతులకు ఏమేం చేస్తాడో చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆయన ధ్యాసంతా రోల్ మీదే. చివరికి వేళ్లు నాక్కుంటూ బేరం పెట్టాడు.

"వస్తాగానీ, కౌంటీ సభకు నన్ను పంపాలి. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ దేనికీ ఎన్నుకోలేదు అర్డిస్."

"నన్ను మాత్రం ఎన్నుకున్నారా?"

"నీకు అలవాటేగా."

అర్డిస్‌కి ఒళ్లు మండింది. కానీ గడువింకా రెండు నిమిషాలే ఉంది. మూలలో మిగతా పదమూడుమందీ తన మాట నమ్మి మంచులో పడి వచ్చినవాళ్లు. ఆమె హార్లన్ మోచెయ్యి పట్టుకుని లేవదీసి, తన మూలకు నడిపించుకొచ్చింది.

మూల లెక్కకెక్కింది. కౌంటీ సభకు ఒక ప్రతినిధిని పంపే వీలు దక్కింది. ఎవరిని పంపుతారని సభ నడిపే ఆయన అడగగానే అందరూ అర్డిస్ వైపే చూశారు. ఆమె హార్లన్ పేరు చెప్పి, ముందుగా తనే చెయ్యెత్తింది. ఆమెను చూసి మిగతావాళ్లూ ఎత్తారు.

హార్లన్ మొహం చేటంతయింది. టోపీ తీసి అందరికీ దండం పెట్టినంత పని చేశాడు. తరవాత మెల్లిగా ఆమె పక్కకి జరిగాడు.

"ఇంతకీ మన అభ్యర్థి పేరేమిటన్నావ్?"

అర్డిస్ అంతసేపూ బిగబట్టుకున్నదంతా నవ్వై బయటికొచ్చింది.