దీపం వెలిగాకే మందు

మామూలు మందులకు లొంగని క్షయను మేము మొండి క్షయ అంటాం. దానికి ఏడాదిన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, గుప్పెడేసి మాత్రలు మింగించడమే ఏళ్ళ తరబడి నా ఉద్యోగం. ఆరు నెలల్లో అయిపోయే కొత్త కోర్సు వచ్చిందని విన్నరోజు చామరాజపేటలో మా ఇంట్లో పాయసం వండాను. నాకంత తొందర.

కొత్త కోర్సును ఆసుపత్రుల్లో మొదలుపెట్టించడం, డాక్టర్లకు నేర్పించడం నా పని అయింది. మందులు గోదాముకు వచ్చేశాయి. శిక్షణ కానిదే డబ్బా తెరవకూడదని ఉత్తర్వు. అందులో తప్పులేదు, ఆ మందులు వాడేవాళ్ళకు గుండె చూస్తుండాలి, నరాలు చూస్తుండాలి. కానీ శిక్షణ జరగాలంటే పెద్దాఫీసరు వచ్చి దీపం వెలిగించాలట. ఆయనకు తీరిక లేదు. ఒకసారి ఢిల్లీ, ఒకసారి మంత్రిగారు, ఇంకోసారి అమావాస్య. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అదే ఇది. దీపం తర్వాత పెట్టుకుందాం, ముందు పాఠం చెప్పేస్తానన్నాను. ఆయన గుమాస్తా నన్ను చూసి నవ్వాడు.

ఆ రోజుల్లోనే హొసకోటె ఆసుపత్రిలో ఒకామెను చూశాను. గార్మెంట్స్‌లో కుట్టుపని. మొండి క్షయ అని అప్పుడే తేలింది. రెండేళ్ళైనా నిండని కూతురిని అత్తగారు చింతామణి దగ్గర పల్లెకు ఎత్తుకుపోయింది.

"మందులు ముగిసేదాకా పిల్లని పంపేదిల్లేదంటాది అక్కా మా అత్త. ఎన్ని దినాలు తినల్ల?"

"కొత్తవి మొదలైతే ఆరు నెలలు."

"ఆరు నెల్లేనా? అట్లైతే ఓర్చుకుంటా."

మందులు పడ్డాక కొన్నాళ్ళకే జబ్బు అంటుకోదని అత్తగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ వింటేగా.

జబ్బు మాత్రం పెద్దాఫీసరు కోసం ఆగలేదు. అక్కడి డాక్టరు మంచివాడు. చూసి చూసి, ఆమెకు దగ్గులో రక్తం పడ్డాక పాత కోర్సే మొదలుపెట్టాడు. ఏం చేస్తాడు మరి?

చివరికి మహదేవపురలో ఒక హోటల్లో శిక్షణ పెట్టారు. ఏసీ గాలికి వత్తులు నిలవకపోతే ఏసీ ఆపించారు. ఆఫీసరు దీపం వెలిగించి, శాలువా కప్పించుకుని, పాఠం మొదలవకముందే కారెక్కాడు. ఆ పావుగంట కోసం మేము వారాల తరబడి చేతులు కట్టుకు కూర్చున్నాం. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పాఠం మధ్యలో హొసకోటె డాక్టరు లేచాడు.

"పాతది మొదలుపెట్టినోళ్ళని దీనికి మార్చొచ్చా మేడం?"

పాత కోర్సులోనూ ఈ మందులు కొన్ని ఉంటాయి. వాటిని నెల దాటి వాడినవాళ్ళను కొత్తదానికి మార్చకూడదని నియమం. అదే చెప్పాను.

"మా పేషెంటుకి పోయిన వారమే నెల దాటిపోయింది," అని ఆయన కూర్చుండిపోయాడు. తర్వాత అందరూ భోజనాలకు లేచారు.

ఆమెకు చెప్పడానికి నేనే వెళ్ళాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

"నా వెనక వచ్చేవాళ్ళకైనా ఇస్తారా అక్కా?"

ఇస్తామన్నాను. "పోనీలే," అంది. నాకు ఆమె మంచితనం మీద కూడా కోపం వచ్చింది.

ఆమె వెనక చేరినవాళ్ళు కోర్సు ముగించి పనుల్లోకి పోయారు. ఆమె ఇంకా మింగుతూనే ఉంది. అత్తగారు ఫోన్ పిల్లకు చూపించేదే అరుదు. మొన్న నేను ఆమె గదిలో ఉండగా వీడియో కాల్ కలిసింది. పిల్ల ఎదిగింది, మాటలొచ్చాయి. ఫోన్‌లోకి కాసేపు చూసి, నాయనమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఎవరో ఆంటీ," అంది.

ఆమె పిల్లను చూసి నవ్వి ఫోన్ పెట్టేసింది. మీ అమ్మను నేనని చెప్పలేదేమని అడిగాను.

"ఇప్పుడు చెప్తే నేను కావల్లని ఏడుస్తాది అక్కా."