తువ్వాల కింద పెట్టె

ఇప్పుడు హోసూరులో పూలమ్మే అవ్వ దగ్గర కూడా ఒక చిన్న పెట్టె ఉంటుంది. మూర మల్లెలు కొని ఫోనులో డబ్బులు వేస్తే ఆ పెట్టె "ఇరవై రూపాయలు స్వీకరించబడ్డాయి" అని పలుకుతుంది, అవ్వ తలెత్తి కూడా చూడదు. ఆ రోజుల్లో ఇంత సుఖం లేదండీ. ఆ రోజులంటే మా తాతల కాలం అనుకునేరు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొన్నమొన్నటి మాటే. "డబ్బులు వేశాను" అని ఫోను చూపిస్తే, "యాడ వేసినావు?" అని కాళ్ళ దగ్గర వెతికినవాళ్ళను నేను కళ్ళారా చూశాను. అలాంటివాళ్ళను ఒప్పించి ఆ పలికే పెట్టెలు పెట్టించడమే నా ఉద్యోగం.

ఆ ఉద్యోగం కోసం నేను బంగారంలాంటి ఫ్యాక్టరీ పని వదులుకున్నాను (బంగారంలాంటి అన్నది మా అమ్మ మాట. రోజంతా ఒకే రకం స్క్రూ బిగించినవాళ్ళు ఆ మాట అనరు). కంపెనీ బస్సు, మధ్యాహ్నం సాంబారన్నం, పండక్కి మిఠాయి డబ్బా, అన్నీ కాదని మెడలో ఐడీ కార్డు వేసుకుని, స్కూటీ ముందు పెట్టెలు పెట్టుకుని ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాను. ఇంట్లో అందరూ నా మీద అలిగారు. నాకేమో ఆ తిరుగుడు ఎంత నచ్చిందంటే, రాత్రి పడుకున్నా గాలి మొహానికి తగులుతున్నట్టే ఉండేది. కాకపోతే ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా పై అధికారిని మేమంతా చాటుగా టార్గెట్ సారు అని పిలిచేవాళ్ళం. ఆయన ఒకరోజు నన్ను పిలిచి, సూళగిరి పక్కన వారం వారం జరిగే పశువుల సంతలో దళారుల చేత నెలాఖరులోపు పెట్టెలు పెట్టిస్తే ఖాయం చేస్తానన్నాడు. లేకపోతే? "మళ్ళీ స్క్రూలే కదమ్మా" అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఆ సంతలో పెద్ద దళారి మా మామే, అమ్మకు సొంత తమ్ముడు. ఎర్ర తువ్వాల లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు కాబట్టి ఊరందరికీ తువ్వాల మామ. ఆ తువ్వాల ముఖం తుడుచుకోవడానికి కాదు. పశువుల బేరంలో దళారి కొనేవాడి చెయ్యి పట్టుకుని పైన తువ్వాల కప్పుతాడు. లోపల వేళ్ళు నొక్కి ధర చెబుతాడు, అవతలివాడు వేళ్ళతోనే తగ్గిస్తాడు. చుట్టూ సంతంతా మూగినా ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది. ధర నోటితో బయటపెట్టిన దళారికి మళ్ళీ ఎవరూ చెయ్యి ఇవ్వరు. పశువులున్న ఇంట్లో పుట్టినదాన్ని, ఇదంతా నాకు తెలియదా? తెలుసు. మా పెట్టె అరుస్తుందనీ తెలుసు. ఆ రెండు సంగతులూ నా బుర్రలో ఎన్నడూ పక్కపక్కన కూర్చోలేదు, అంతే.

మామను ఒప్పించడానికి వాళ్ళ పశువుల పాక దగ్గరికి వెళ్ళాను. ఆయన ఆవు మూతి తడుముతూనే విన్నాడు.

"నోటైతే చేతిలో ఉంటాది పాపా, తడిమితే తెలుస్తాది. నీ ఫోన్లో డబ్బు యాడుంటాది?"

"బ్యాంకులో మామా."

"బ్యాంకు యాడుంది?"

"క్రిష్ణగిరిలో."

"డబ్బు క్రిష్ణగిరిలో, ఆవు ఈడ. మధ్యలో ఎవురున్నారు?"

"నేనున్నాను మామా" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం. మామ కాసేపు నా మెడలోని కార్డును ఆవు పళ్ళు చూసినట్టు చూశాడు. "సరే, ఒక్క సంతకి పెట్టుకుంటాను. గలాటా అయిందంటే నీ పెట్టె నువ్వు ఎత్తుకోని మళ్ళా ఫ్యాక్టరీకి పోవాల. సమ్మతమేనా?" నేను సమ్మతమే అన్నాను. కొనేవాళ్ళు బస్సులో నోట్ల కట్టలు మోసుకురాకుండా మామ ఖాతాకు వేస్తారు, మామ అమ్మేవాళ్ళకు నోట్లు ఇస్తాడు, అదీ ఏర్పాటు.

సంత రోజు పొద్దున్నే పెట్టెను మామ పక్కన రాతి మీద పెట్టి, శిక్షణలో నేర్పినట్టే గొంతు పూర్తిగా పెంచాను (వినియోగదారుడికి నమ్మకం కలగాలంటే గట్టిగా పలకాలని మాకు పాఠం). అంచెట్టి వైపు నుంచి వచ్చిన ఒక రైతు ఆవుకు బేరం కుదిరింది. తువ్వాల కింద వేళ్ళు మెల్లగా, మర్యాదగా మాట్లాడుకున్నాయి. కొన్నాయన ఫోను తీసి డబ్బు వేశాడు. ఇక చూడండి, నా పెట్టెలోని ఆడగొంతు సంత మొత్తం అదిరేలా "నలభై రెండు వేల రూపాయలు స్వీకరించబడ్డాయి!" అని చాటింది. ఆవు బెదిరి గంతేసింది. అంతకుముందే మామ దగ్గర అలాంటి ఆవునే కొన్న బర్గూరు ఆయన దూరం నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, నాకు నలభై ఆరు, ఈయప్పకి నలభై రెండా?"

"నీది రెండో ఈత, ఇది నాలుగుసార్లు ఈనింది! పళ్ళు చూడప్పా!" అని మామ అరుస్తూనే తువ్వాల తీసి పెట్టె నోటికి కట్టబోయాడు. నేను కంగారులో గొంతు తగ్గించే మీట నొక్కబోయి మళ్ళీ చెప్పే మీట నొక్కాను. "నలభై రెండు వేల రూపాయలు స్వీకరించబడ్డాయి!"

"ఎవురు పాపా ఆయమ్మ? కొంచెం నోరు ముయ్యమను!"

జనం నవ్వుతున్నారు. మామ నవ్వడం లేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన తువ్వాల కింద దాగిన గుట్టు నా వల్ల రట్టయింది. నా కళ్ళ ముందు స్క్రూలు కనిపించాయి. పెట్టెను సంచిలో పెట్టుకుని వెళ్ళిపోదామని చేతిలోకి తీసుకున్నాను కూడా. మామ ఆ తువ్వాలను విదిలించి మళ్ళీ భుజాన వేసుకుంటున్నాడు. అది చూడగానే తట్టింది. ఇంత వెతుక్కోవడం ఎందుకు, గుట్టు దాచే చోటు ఆయన భుజం మీదే ఉంది కదా! పెట్టె గొంతు బాగా తగ్గించి, "మామా, చేతులతో పాటు దీన్ని కూడా తువ్వాల కిందికి రానీ. నీ చెవిలో మాత్రమే చెబుతుంది" అన్నాను. ఆయన నన్ను నమ్మకుండానే తువ్వాల తల మీదికి లాక్కుని పెట్టెను చెవికి పెట్టుకున్నాడు. నేను మళ్ళీ చెప్పే మీట నొక్కాను. ఎర్ర తువ్వాల లోపల నుంచి మామ గొంతు వినిపించింది: "ఆ... ఇప్పుడు ఆయమ్మకి మర్యాద తెలిసింది."

ఇక మధ్యాహ్నం దాకా మామ బేరం కుదిరినప్పుడల్లా తువ్వాలలో దూరడం, తల ఊపడం, ఆవును కట్టిన పలుపు వదలడం. టార్గెట్ సారు కూడా చూడ్డానికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన మంచి పాడి ఆవును బేరమాడి, ఫోనులో పచ్చటి టిక్కు చూపించి పలుపు పట్టుకున్నాడు. మామ తువ్వాలలో దూరాడు. ఎంతకీ బయటికి రాలేదు.

"పోయింది పెద్దాయనా, టిక్ చూడు."

"టిక్ నీ ఫోన్లో ఉంది. నాకు పెట్టె పలకలేదు."

టార్గెట్ సారు కలగజేసుకుని, "ఒక్కోసారి సర్వర్ స్లోగా ఉంటుందండీ, వచ్చేస్తుంది, ఆయన్ని పంపించేయండి" అన్నాడు. కస్టమరు మొహం చిన్నబోతే ఆయనకు నిద్ర పట్టదు. నాకు ఆ క్షణం బాగా గుర్తుంది. ఒకవైపు నా ఉద్యోగం ఖాయం చేసే సారు, ఇంకోవైపు తువ్వాలలోంచి నా వైపే చూస్తున్న మామ. మధ్యలో ఎవురున్నారు అని ఆయన అడిగిన మాట చెవిలో మోగింది. వెళ్ళి ఆవు పలుపు పట్టుకున్నాను. "పెట్టె పలికినాకే ఆవు కదిలేది సార్" అన్నాను, మా భాషలోనే వచ్చేసింది. పొద్దున గొడవపడిన బర్గూరు ఆయన వచ్చి నా పక్కనే నిలబడి, "అవునప్పా, ఆయమ్మ పలకనీ" అన్నాడు. నల్లకళ్ళద్దాలాయన ఇక్కడ సిగ్నల్ లేదు, రోడ్డు దాకా వెళ్ళి చూసొస్తానని బండెక్కాడు. ఆ బండి ఆగకుండా హైవే ఎక్కడం అందరం చూశాం. డబ్బు రాలేదు, ఆయనా రాలేదు. సంతలో లేచిన కేకలకు, ఈలలకు పొద్దుటి పెట్టె అరుపు ఏ మూలకు? దళారులంతా నా చుట్టూ మూగి, "నాకొక పెట్టె పాపా, మెల్లగా పలికేది" అంటుంటే, టార్గెట్ సారు నా సంచి తానే మోసుకుంటూ వెనకాల నడిచాడు. ఆ సంతలోనే నా ఉద్యోగం ఖాయమైంది. ఆ సాయంత్రం స్కూటీ మీద ఇంటికి పోతూ దారి పొడుగునా నవ్వుకుంటూనే ఉన్నాను.

ఈ మధ్య అమ్మకు ఆవు కొనడానికి మళ్ళీ ఆ సంతకు వెళ్ళాను. ఇప్పుడు నేను హోసూరు ఆఫీసులో కుర్చీలో కూర్చుని, కొత్తగా చేరిన పిల్లలకు నోట్లతో పనిలేని కాలం గురించి ఉపన్యాసాలిస్తాను. మామ నన్ను చూడగానే నా చెయ్యి పట్టుకుని పైన తువ్వాల కప్పాడు. ఆ సంతలో ఆడమనిషి చెయ్యి ఆ తువ్వాల కిందికి వెళ్ళడం అదే మొదలు. ఎంతకు కొన్నానో అమ్మకు కూడా చెప్పలేదు, మీకూ చెప్పను. డబ్బు వేశాను, నా ఫోనులో టిక్కు వచ్చింది, పలుపు అందుకోబోయాను. మామ వదల్లేదు.

"పెట్టె పలకలేదు పాపా."

"మామా! ఆ పెట్టె పెట్టించిందే నేను!"

"అందుకే గదా నమ్మేది" అని తువ్వాల తల మీదికి లాక్కున్నాడు.

ఆ పూట నెట్‌వర్క్ సరిగ్గా లేదు. కంపెనీ కార్డు మెడలో వేలాడుతుండగా, నేను కొన్న ఆవు పక్కనే ఎండలో దొంగలా నిలబడ్డాను. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం ఉద్యోగం ఖాయమైన రోజుకన్నా ఎక్కువ సంతోషంగా ఉంది. చాలాసేపటికి తువ్వాల లోపల ఆయమ్మ ఏదో గుసగుసలాడింది. మామ తల బయటికి తీసి, పలుపు నా చేతిలో పెట్టాడు.