రత్నం కళ్ళకు వేడి గుడ్డ: గోరేబాళ నుంచి రాయచూరు

మా గోరేబాళ నుంచి రాయచూరు కంటి ఆసుపత్రికి ఎలా వెళ్ళాలో చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు. నలుగురిలో నాకు మాట రాదు. రాయడం కాస్త నయం. మా ఆవిడ రత్నానికి రెండేళ్ళుగా కళ్ళ మంట. ఇసక పడ్డట్టు గరగరలాడతాయని, పొద్దున రెప్పలు అతుక్కుంటాయని అనేది. ఎప్పుడు చూసినా నీళ్ళు కారుతుండేవి. మందుల షాపులో ఇచ్చిన చుక్కలతో నెట్టుకొచ్చింది. వాళ్ళమ్మకి చివర్లో చూపు పోయింది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తే, ఎవరం ఎత్తలేదు. మొన్న బియ్యంలో రాళ్ళేరుతూ చేటని కిటికీ దగ్గరికి జరుపుకుంది. అయినా కనపడక చేత్తో తడుముతోంది. రేపు వెళ్దామన్నాను.

పొద్దున ఆరింటికి షేర్ ఆటోలో సింధనూరు వెళ్ళి, అక్కడ రాయచూరు బస్సెక్కాం. మాన్వి మీదుగా రెండున్నర గంటలు పడుతుంది. కర్ణాటక చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టిక్కెట్టు ఉచితం. నాకు వంద పైన అయింది.

"నేనొక్కదాన్నే వస్తే ఈ డబ్బులు మిగిలేవిగా బావా," అంది రత్నం.

"డాక్టరుతో కన్నడం ఎవరు మాట్లాడతారు?"

"నువ్వు తెలుగే మాట్లాడవు."

వెనక సీట్లో ఎవరో నవ్వారు. మాన్వి దాటాక వరి తగ్గి పత్తి చేలొచ్చాయి, గాలి వేడెక్కింది. ఆవిడ కొంగు కళ్ళకడ్డం పెట్టుకుంది. డాక్టరుని అడగాల్సిన ఒక్క ప్రశ్నని నేను లోపల్లోపల అనుకుంటూ కూర్చున్నాను.

బస్టాండు బయట ఆటో అతను, "ఏడికి పోవాల తాతా?" అన్నాడు. కంటి ఆసుపత్రికన్నాను. "అవ్వకా? గట్లయితే అవ్వను నీడ దిక్కు కూసోబెట్టు. ఎండ తగిల్తె ఇంకా మండుతది." అరవై అడిగి యాభై తీసుకున్నాడు.

చీటీ రాయించుకుని గంట పైన కూర్చోవాలి. డాక్టరమ్మ చిన్నపిల్ల, రాయచూరు మనిషే, తెలుగొచ్చు, కన్నడం అక్కర్లేకపోయింది. ముందు రత్నం కళ్ళ కాటుకంతా దూదితో తుడిచేసింది. తర్వాత రెప్పలు తిప్పి ఫోటో తీసింది.

"రెప్పల అంచుల్ల సన్నటి నూనె గ్రంథులుంటయి అవ్వా. ఆ నూనె కన్నీళ్ళ మీద పొర లెక్క ఉంటది. నీకు నూనె గడ్డకట్టింది. పొర లేక కన్ను ఊకె ఎండిపోతున్నది."

"నీళ్ళు కారే కన్ను ఎండిందంటావేంటమ్మా?" అంది రత్నం.

"ఎండితె మండుతది. మంటకే ఆ నీళ్ళు. కంటికి అక్కరకు రావు."

ఫోటోలో ఆ గ్రంథులు తెల్లటి గీతల్లా వరసగా ఉన్నాయి, నాట్లేసిన మడి లాగా. మధ్యలో ఖాళీలు. పొలంలో అయితే చచ్చిన చోట మళ్ళీ నారు గుచ్చుతాం. ఖాళీల్లో మళ్ళీ వస్తాయా అని అడిగాను.

"పోయినవి రావు తాతా. ఉన్నవి కాపాడుకోవాల."

అప్పుడడిగాను. "చూపు పోతుందా అమ్మా?"

రత్నం నా చొక్కా అంచు పట్టుకుంది.

"గిట్లనే వదిలేస్తె కన్ను మీద పుండ్లు పడి మసకైతది. రోజూ చూసుకుంటె అంత దూరం రాకుండ ఆపొచ్చు. కానీ ఇది నెలకో రెండ్నెల్లకో వదిలే పని కాదు. కాటుక గూడ మానాల, ఆ అంచుకే అడ్డం పడుతది."

ఎలా చూసుకోవాలో నర్సు నేర్పింది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి, మణికట్టు మీద వేసి చూసుకుని, మూసిన కళ్ళ మీద పది నిమిషాలు ఉంచాలి. తర్వాత పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి వేలితో మెల్లగా ఒత్తాలి. నేనే చేసుకుంటానంది రత్నం. "కండ్లు మూసుకొని ఎట్ల చేస్తవవ్వా? తాత చేస్తడు," అంది నర్సు. ఇన్నేళ్ళ కాపురంలో నలుగురి ముందు ఆవిడ మొహం తాకింది లేదు. నా వేళ్ళు మట్టి పనికి మొరటుబారాయి. రెప్ప గీసుకుంటుందేమోనని వేలి కొసతోనే ఒత్తాను. నర్సు ఓపిగ్గా, "ఇంకా మెల్లగ," అంటూనే ఉంది.

బస్టాండు ఎదురుగా చిన్న హోటల్లో మండక్కి ఒగ్గరణె, అంటే తాలింపు వేసిన మరమరాలు, మిర్చి బజ్జీ తిన్నాం. ఇద్దరికీ వంద లోపే. బజ్జీల ఘాటుకి రత్నం కళ్ళు మళ్ళీ మండాయి. ఆవిణ్ణి బయట బల్ల మీద కూర్చోబెట్టి, వంటామెని వేడినీళ్ళడిగాను. ఆసుపత్రి ముందు కొన్న కొత్త తువ్వాలు ముంచి పిండి కళ్ళ మీద వేశాను.

"అదృష్టమక్కా నీది. మా ఇంటాయన మంచినీళ్ళ చెంబు గూడ అందియ్యడు," అంది వంటామె.

"అందరూ చూస్తున్నారా బావా?" అంది రత్నం గుడ్డ కింద నుంచి.

"లేదు," అన్నాను. అందరూ చూస్తున్నారు.

గుడ్డ తీశాక, "కాటుక లేకపోతే మొహం బోసిగా లేదూ?" అంది.

"లేదు," అన్నాను. ఈసారి అబద్ధం కాదు.

సాయంత్రం ఆరు దాటాక ఇల్లు చేరాం. ఇప్పుడు పొద్దునా సాయంత్రం స్టవ్ మీద వేడినీళ్ళ గిన్నె ఎక్కుతుంది. మంట పూర్తిగా పోలేదు. పొద్దున రెప్పలు మాత్రం అతుక్కోవడం లేదంటోంది. పోయినవి రావని తెలిశాక, ఉన్నవాటి మీద చెయ్యి ఇంకా మెల్లగా పడుతోంది. వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. తోడు వెళ్ళినవాళ్ళు బయట బెంచీ మీద ఉండిపోకండి. ఇంట్లో గుడ్డ వేసే చెయ్యి ఎవరిదైతే వాళ్ళూ లోపలికి వెళ్ళి నేర్చుకుని రండి.